అయిదు వేల ఫొటోలు.. ఒక్క ‘సరే’!

పెళ్లి రెండు పూటల్లో అయిపోతుంది. ఆల్బమ్ మాత్రం ఏడాదైనా రాదు. లోపం కెమెరాలో లేదు, ప్రెస్సులోనూ లేదు. ఏ ఫొటో ఉంచాలి, ఏది తీసేయాలి, ఆ మాట ఎవరు చెప్పాలి అన్న దగ్గరే బండి ఆగిపోతోంది. కొత్తచెరువు నుంచి హిందూపురం దాకా ప్రతి స్టూడియోకూ, ప్రతి పెళ్లింటికీ తెలిసిన ‘సెలెక్షన్’ కథే ఈ వారం ముఖచిత్ర కథనం.

“మేం ఎప్పుడో రెడీ అన్నా, వాళ్లే సెలెక్షన్ ఇయ్యలేదు.” ఇది స్టూడియో మాట. “డబ్బులన్నీ కట్టేసినాం, ఇంకా బుక్కు ఇయ్యలేదప్పా.” ఇది పెళ్లింటి మాట. రెండూ నిజమే. కొన్ని ఇళ్లలో మనవడి నామకరణం ఫొటోలు ఫోన్‌లోకి వచ్చేస్తాయి గానీ వాళ్లమ్మ పెళ్లి ఆల్బమ్ ఇంకా రాదు. ఒకరి పని పూర్తయింది, ఇంకొకరి డబ్బు చెల్లింది. మధ్యలో ఎవరూ తమది అనుకోని పని ఒకటి మిగిలిపోయింది: అయిదు వేల ఫొటోల్లోంచి నూటయాభై ఏరి, ‘ఇవి సరే’ అని చెప్పడం.

శ్రీసత్యసాయి జిల్లాలో కొత్తచెరువుది కూడలి బతుకు. ధర్మవరం నుంచి పుట్టపర్తికి వెళ్లే దారిలోని మండల కేంద్రం. శ్రీసత్యసాయి ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్ ఈ ఊరి పక్కనే ఉంది. అటు పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ, ఇటు బుక్కపట్నం చెరువు, ఇంకాస్త దూరం పోతే బెంగళూరు. ఇక్కడి పెళ్లికొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంటాడు, ఆడపడుచు అమెరికాలో ఉంటుంది, మేనమామది గౌరీబిదనూరో పావగడో అయి ఉంటుంది. ఫొటోలు చూడాల్సిన కళ్లు నాలుగు ఊళ్లలో ఉంటే ‘సరే’ అనాల్సిన నోరు ఒక్కటి కావాలి. సెలెక్షన్‌లో చిక్కంతా అదే.

రీలు నాటి లెక్క

ఫిల్ము రోజుల్లో ఈ పంచాయితీ లేదు. యాషికా లాంటి పెద్ద కెమెరాలో వేసే 120 రీలుకు వచ్చేవి 12 చదరపు ఫొటోలు. తర్వాత వచ్చిన 35 ఎంఎం రీలుకు 36. ఒక్కో నొక్కుకూ ఫిల్ము ఖర్చు, కడుగుడు ఖర్చు, ప్రింటు ఖర్చు ఉండేవి. ఫొటోగ్రాఫరు ఎంపికంతా మీట నొక్కక ముందే జరిగిపోయేది. జీలకర్ర బెల్లానికి రెండు, మాంగల్యధారణకు మూడు, తలంబ్రాలకు నాలుగు, అప్పగింతలకు ఒకటి. అయిదారు రీళ్లు అయ్యాయంటే ఘనమైన పెళ్లి కిందే లెక్క. వచ్చినవన్నీ ఆల్బమ్‌లోకే పోయేవి. నల్ల అట్టల మీద మూలలకు అంటించి, పేజీకీ పేజీకీ మధ్య సాలెగూడు డిజైను ఉన్న పల్చటి కాగితం వేసిన ఆ ఆల్బమ్‌లు ఇప్పటికీ చాలా ఇళ్ల బీరువాల్లో పట్టుచీరల కింద ఉన్నాయి. అందులో కళ్లు మూసుకున్న పెళ్లికూతురు ఉన్నా ఎవరూ తీయించలేదు. ఉన్నది అదొక్కటే కదా!

పట్నాల్లో, పత్రికాఫీసుల్లో మాత్రం ఎంపికకు ఒక పద్ధతి ఉండేది. కడిగిన నెగెటివ్‌ను ఆరేసి ఫ్రేముల చొప్పున ఆరు ముక్కలు చేసి, వాటిని నేరుగా ప్రింటు కాగితం మీద పరిచి వెలుతురు పట్టేవారు. 36 బొమ్మలూ వాటి కింద నంబర్లతో సహా ఒకే కాగితం మీద అచ్చయ్యేవి. దాని పేరు కాంటాక్ట్ షీట్. భూతద్దం పెట్టి చూసి, నచ్చిన బొమ్మ చుట్టూ మైనపు పెన్సిల్‌తో ఎర్రగా గీత గీసేవారు. ఎవరు గీశారో, ఏ నంబరు చుట్టూ గీశారో కాగితమే చెప్పేది. తర్వాత తగువు పడటానికి సందు లేదు.

నంబరు విలువ తెలుగు నేలకు ఇంకా ముందే తెలుసు. 1844లో మీరట్ దగ్గర సర్ధనలో పుట్టిన లాలా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌ల మీదే నంబరు, పేరు రాసి పెట్టేది. ఎవరైనా మళ్లీ ప్రతి కావాలంటే ఆ నంబరుతో తీయడమే. 1905లో ఆయన కన్నుమూసినా ఆ నంబర్లు మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆ గాజు నెగెటివ్‌లలో 2,857 సేకరించింది. ఆయనదే ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతుల్లో పెట్టారు. తీసిన బొమ్మను ఎవరు చూడాలి, ఎవరు చూడకూడదు అన్నది కూడా ఫొటోగ్రాఫరు బాధ్యతేనని ఆనాడే ఆయనకు తెలుసు.

చూడటానికే అయిదున్నర గంటలు

ఇప్పటి పెళ్లికి వద్దాం. ఈ ప్రాంతంలో చాలా పెళ్లిళ్లకు ముందు రోజు రాత్రే రిసెప్షన్, తెల్లవారుజామున ముహూర్తం. ట్రెడిషనల్‌కు ఒక కెమెరా, కాండిడ్‌కు ఒకటి, వీడియోకు ఇంకొకటి, పైన డ్రోన్. ఫొటో కెమెరాలు రెండూ కలిపి నాలుగైదు వేలు కొట్టేస్తాయి. నాలుగు వేల ఫొటోలనే లెక్కేద్దాం. ఒక్కోదాన్ని అయిదు సెకన్లు చూసినా 20 వేల సెకన్లు, అంటే అయిదున్నర గంటలు. అది చూడటానికే. ఎంచడం, ఇంట్లోవాళ్లు ‘ఇది కాదు అది’ అనుకోవడం వేరే.

ఇటు ఆల్బమ్‌లో పట్టేదెంత? 12/36 సైజు షీటు విప్పితే రెండు పేజీలు. ముప్పై షీట్ల ఆల్బమ్‌లో షీటుకు అయిదు చొప్పున వేసినా నూటయాభై ఫొటోలు. అంతకు మించితే మొహాలు గోరంత అవుతాయి. నాలుగు వేలల్లో నూటయాభై అంటే దాదాపు ఇరవై ఏడింటికి ఒకటి. నచ్చిన వాటిని తీయడంకన్నా నచ్చినా వదులుకోవడమే కష్టం. తొలి విడత జాబితా ఆరు వందల దగ్గర ఆగేది అందుకే. అక్కడి నుంచి నూటయాభైకి దించే ఓపిక ఎవరికీ ఉండదు. పెన్‌డ్రైవ్ టీవీ పక్కన సొరుగులోకి పోతుంది. మాఘంలో జరిగిన పెళ్లి ఫొటోలు ఆషాఢం వచ్చాక, మూఢం వచ్చాక గుర్తుకొస్తాయి. స్టూడియోలకు డిజైనింగ్‌కు తీరిక దొరికేదీ ముహూర్తాలు లేని ఆ రోజుల్లోనే. అప్పుడే అందరూ ఒక్కసారిగా మీద పడతారు.

నోటుబుక్కు పేజీలో నాలుగు తప్పులు

జాబితా చాలాసార్లు పిల్లల నోటుబుక్కు నుంచి చింపిన కాగితం మీద వస్తుంది. పైన గణపతి గుర్తు, కింద మూడు రకాల చేతిరాతలు. 4127, 4131, ‘4140 లేదా 4141 బాగున్నది మీరే చూడండి’, పక్కన నిలువునా ‘అత్తమ్మ వాళ్లది తప్పకుండా’, కొట్టేసి మళ్లీ రాసిన రెండు అంకెలు. ఈ కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. డిజైనరు దాన్ని చూస్తూ ఫోల్డర్‌లో వెతుకుతాడు. తప్పులు ఇక్కడి నుంచే మొదలు.

కెమెరా ఫొటోకు పెట్టే నంబరు నాలుగంకెలదే. 9999 దాటితే మళ్లీ 0001కి వస్తుంది. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఒకే కంపెనీ కెమెరాలు వాడితే 4127 రెండు ఫోల్డర్లలోనూ ఉండొచ్చు. ఒకదాంట్లో తాళి కట్టే ఫొటో, ఇంకోదాంట్లో భోజనాల బంతి. ఏది అడిగారో కాగితం చెప్పదు.

రెండోది వాట్సాప్ తంటా. అందులో ఫొటోగా పంపితే సైజు కుదించేస్తుంది, అసలు పేరు తీసేసి ఆనాటి తేదీతో తన పేరు తగిలిస్తుంది. అమెరికాలో ఉన్న ఆడపడుచు ‘ఇది ఖాయం’ అని తిప్పి పంపిన బొమ్మకు కెమెరా నంబరు ఉండదు. డిజైనరు కంటితో పోల్చి వెతుక్కోవాలి. తలంబ్రాలప్పుడు సెకనుకు పది చొప్పున కొట్టిన ఫొటోల్లో ఆ ఒక్కటి ఏదో పోల్చడం మాటలు కాదు. డాక్యుమెంట్‌గా పంపితే పేరూ నాణ్యతా రెండూ ఉంటాయి. ఈ చిన్న సంగతి తెలియకే సగం తగాదాలు.

స్క్రీన్‌షాట్ మూడో తప్పు. దానికి నంబరూ ఉండదు, నాణ్యతా ఉండదు. నాలుగోది అసలు ప్రమాదం: వరుసగా మూడు జాబితాలు రావడం. పెళ్లికూతురిది ఒకటి, వాళ్లమ్మది ఒకటి, పెళ్లికొడుకు అక్కది ఒకటి. ఏది చివరిదో ఎవరూ చెప్పరు. స్టూడియో అన్నీ కలిపేస్తుంది. అచ్చయ్యాక మాటలు మొదలవుతాయి.

“మా చిన్నాయన బుక్కులో యాడా లేడే అన్నా?”

“లిస్టు మీరే ఇచ్చినారు గదమ్మా!”

ఈ రెండు మాటల మధ్య పోయేది కాగితమొక్కటే కాదు. స్టూడియోకు రావాల్సిన బాకీ ఉంటే అక్కడే ఆగిపోతుంది, ఇంటికి రావాల్సిన సంతోషం కూడా.

పని పద్ధతి ఇలా ఉంటే..

పద్ధతిగా చేసే స్టూడియోలు సెలెక్షన్‌ను కస్టమరు మీద వదిలేసే పనిగా చూడవు, తమ పనిలో భాగంగానే పెట్టుకుంటాయి. మొదటి వడపోత వాళ్లదే. మసకబారినవి, ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టున్నవి, లైటు పేలిపోయినవి తీసేస్తే నాలుగు వేలు వెయ్యీ పన్నెండు వందలకు దిగుతాయి. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో చుక్కలు పెట్టుకుంటూ పోతే ఇది ఒక పూట పని. పెళ్లివారికి నాలుగు వేలూ చూపించడం ఉదారంగా కనిపిస్తుంది గానీ, అది వాళ్ల నెత్తిన తమ బరువు పెట్టడమే.

తర్వాత రెండు కెమెరాల గడియారాలూ సరిచేసి, సమయం ప్రకారం ఫొటోలన్నీ ఒకే వరుసలోకి తెచ్చి కొత్త నంబర్లు పెట్టాలి. కార్యక్రమం పేరుతో కలిపి పెడితే ఇంకా మేలు: రిసెప్షన్ 001, ముహూర్తం 001, అప్పగింతలు 001. ఆ నంబరు ఫైలు పేరులోనే కాదు, ఫొటో మూలన కనిపించేలా కూడా అచ్చేస్తే స్క్రీన్‌షాట్ పంపినా చిక్కులేదు. ఇలా చూపించే ప్రతులు చిన్నవైతే చాలు. పొడవు వైపు 2048 పిక్సెళ్లతో ఒక్కోటి అర ఎంబీ చొప్పున నాలుగు వేల ఫొటోలైనా రెండు జీబీలే. అవే అసలు సైజులో ఒక్కోటి పది ఎంబీ అనుకుంటే నలభై జీబీ. గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా దొరికే 15 జీబీలో చిన్న ప్రతులు సులువుగా పడతాయి. లింకు తెరిచి గుండె గుర్తు నొక్కితే జాబితా దానంతట అదే తయారయ్యే ఆన్‌లైన్ గ్యాలరీలూ ఇప్పుడున్నాయి. ఫోన్ నొక్కడం రాని పెద్దవాళ్లకు టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి, నంబరు చదివి చెప్పినా సరిపోతుంది. సాధనం ఏదైనా నంబరు ఒక్కటే ఉండాలి.

జాబితా వచ్చాక డిజైన్ పేజీలు పంపుతారు. ఇక్కడ చూడాల్సినవి వేరు. మధ్య మడత మీద ఎవరి మొహం పడిందా? అంచు కోసేటప్పుడు చెయ్యీ కాలూ తెగుతున్నాయా? పేర్లు సరిగ్గా ఉన్నాయా? పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మారితే ఒత్తులు ఊడిపోతాయి. ‘చి.ల.సౌ.’ పక్కన అమ్మాయి పేరు తప్పు పడితే అది ముప్పై ఏళ్లు ఇంట్లో ఉంటుంది. పేర్లు, ఇంటిపేర్లు, తేదీ, ఊరు ఇంట్లో ఒకరు పెదవి కదుపుతూ చదివి చూడాలి. సవరణలకు రెండు విడతలు చాలు. మూడోది అడిగితే రుసుము ఉంటుందని ముందే చెబితే మొదటి విడతనే శ్రద్ధగా చూస్తారు. చివరి ‘సరే’ ఫోన్‌లో నోటిమాటగా వద్దు. ‘ముప్పై షీట్లూ చూశాం, ప్రింటుకు పంపండి’ అని ఒక్క మెసేజ్ పెట్టించుకుంటే ఇద్దరికీ నిద్ర పడుతుంది.

ధర్మవరం చీర.. తెరమీద ఒక రంగు, కాగితం మీద ఒకటి

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన పేచీ ఇంకొకటుంది. అది చీర రంగు. భౌగోళిక గుర్తింపు పొందిన ధర్మవరం పట్టులో పడుగు ఒక రంగు, పేక మరో రంగు ఉండే రకాలకు గిరాకీ ఎక్కువ. ఒక పక్క నుంచి చూస్తే వంగపండు, కాస్త కదిలితే ఎరుపు. ఆ మెరుపే దాని అందం. కెమెరాకు అదే పరీక్ష. మండపంలో రంగుల ఎల్‌ఈడీ దీపాలు, వీడియో వాళ్ల తెల్ల లైటు, పక్క నుంచి తెల్లవారుజాము వెలుతురు కలిసినప్పుడు ఒకే చీర మూడు ఫొటోల్లో మూడు రంగుల్లో పడుతుంది. దానికి తోడు ఫోన్ తెర వెనక నుంచి వెలుగు చిమ్ముతుంది, కాగితం చిమ్మదు. ఫోన్‌లో ధగధగలాడిన జరీ ప్రింటులో కాస్త మసకగా కనిపించడం ఖాయం.

“ఇది మా చీర రంగు కాదన్నా” అనే మాట రాకుండా ఉండాలంటే దారి ఉంది. ముప్పై షీట్లూ ఒకేసారి ప్రింటుకు పంపకుండా, పెళ్లిచీర బాగా కనిపించే ఒక్క ఫొటోను అదే ల్యాబ్‌లో, అదే కాగితం మీద చిన్న సైజులో తీయించి, ఇంట్లో చీర పక్కన పెట్టి పగటి వెలుతురులో చూపించాలి. రంగుకు ‘సరే’ అక్కడ తీసుకోవాలి. నేతగాడు రోజుల తరబడి మగ్గం మీద కూర్చుని తెచ్చిన రంగుకు ఆమాత్రం గౌరవం ఇవ్వడం న్యాయం.

ఎవరి మాట చెల్లాలి?

హిందూపురం పక్కనే లేపాక్షి ఉంది. పదహారో శతాబ్దపు విజయనగర కాలపు ఆ వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో పార్వతీ పరమేశ్వరుల కల్యాణం ఉంది. ఆలయం కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ సోదరుల రూపాలూ ఆ చిత్రాల్లోనే కనిపిస్తాయి. బొమ్మ వేయించినవాడికి బొమ్మలో చోటు ఉండటం మన దగ్గర కొత్త కాదు. పెళ్లి ఆల్బమ్‌లోనూ అంతే. అందాన్ని బట్టి కాదు, బంధుత్వాన్ని బట్టి చోటు దొరుకుతుంది. కాండిడ్ కెమెరా పట్టిన పూల రేకు, మెహందీ చెయ్యి పెళ్లికూతురికి ప్రాణం. వాళ్లమ్మకు మాత్రం ఒడిబియ్యం పోసిన వదినె, చదివింపుల దగ్గర కూర్చున్న పెదనాయన, మధ్యలో మాటలు లేక కూడా పెళ్లికొచ్చిన మేనత్త ముఖ్యం. ఇద్దరి మాటా న్యాయమే.

దీనికి మందు పెళ్లికి ముందే ఉంది. ‘తప్పకుండా ఉండాల్సినవాళ్లు’ అని పాతికముప్పై పేర్లు రాసి ఫొటోగ్రాఫర్‌కు ఇవ్వాలి. గుర్తుపట్టి చూపించడానికి ఇంటి కుర్రాడిని ఒకడిని పక్కన పెట్టాలి. పెళ్లయ్యాక సెలెక్షన్ బాధ్యత ఒక్కరికే అప్పగించాలి. అందరూ చూడొచ్చు, అందరూ అడగొచ్చు, జాబితా మాత్రం ఆ ఒక్కరి ఫోన్ నుంచే వెళ్లాలి.

ఈ పనిని ఇప్పుడు కృత్రిమ మేధ కూడా పంచుకుంటోంది. అతిథి సెల్ఫీ పంపితే అతనున్న ఫొటోలన్నీ ఏరి ఇచ్చే యాప్‌లు వచ్చాయి. ఎవరెవరు ఎన్ని ఫొటోల్లో ఉన్నారో లెక్క తీసి ‘చిన్నాయన లేడు’ అన్న మాట రాకుండా చూడటానికి అవి బాగా పనికొస్తాయి. తుది ఎంపిక మాత్రం వాటికి వదిలేయలేం. కళ్లు మూసిన ఫొటోలను యంత్రం పక్కన పడేస్తుంది. తాళి ముడి పడేటప్పుడు పెళ్లికూతురు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటే అది తప్పు ఫొటో కాదు, ఆల్బమ్‌లో ముందుండాల్సిన ఫొటో. ఆ తేడా తెలిసేది మనిషికే.

ఫొటో ఎవరిది?

చాలామందికి తెలియని చట్టం ముక్క ఒకటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. అంటే పెళ్లి ఫొటోలు స్టూడియో ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టాలన్నా, బోర్డు మీద వేయాలన్నా మీ అనుమతి కావాలి. స్టూడియోకు ఆ హక్కు కావాలంటే బుకింగ్ రోజే రాతపూర్వకంగా అడగాలి. సెలెక్షన్ జాబితాలోనే ‘బయట పెట్టొచ్చు’, ‘పెట్టొద్దు’ అని రెండు గడులు ఉంచితే సరిపోతుంది. చిన్నపిల్లల ఫొటోల విషయంలో తల్లిదండ్రులను విడిగా అడగడం మర్యాద.

ఎంపిక కాని ఫొటోల సంగతీ తేల్చుకోవాలి. ఇవాళ పక్కన పెట్టిన ఫొటోలో తాతయ్య నవ్వుతూ ఉండొచ్చు. ఏడాది తిరక్కుండానే ఆయన లేకపోతే, ఇంట్లోవాళ్లు మొదట వెతికేది ఆ ఫొటోనే. స్టూడియో ఎన్నాళ్లు దాస్తుందో అడగండి. ఎన్నాళ్లన్నా సరే, మీ ప్రతి రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచుకోండి.

పెళ్లివారు గుర్తుంచుకోవాల్సినవి

• బుకింగ్ కాగితం మీద ఫొటోలు ఎన్ని రోజుల్లో చూపిస్తారు, సెలెక్షన్‌కు ఎన్ని రోజులు, ఎన్ని షీట్లు, సవరణలు ఎన్ని విడతలు అన్నవి రాయించుకోండి.

• ‘తప్పకుండా ఉండాల్సినవాళ్ల’ జాబితా పెళ్లికి వారం ముందే ఇవ్వండి.

• సెలెక్షన్ బాధ్యత ఇంట్లో ఒక్కరికే. ఆ పేరు, నంబరు స్టూడియోకు చెప్పండి.

• మొదట కార్యక్రమాల వారీగా షీట్లు పంచుకోండి. ముహూర్తానికి పన్నెండు, రిసెప్షన్‌కు ఎనిమిది అని ముందే అనుకుంటే ఎక్కడ తగ్గించాలో తెలుస్తుంది.

• నంబర్లు చేత్తో రాసినా సరే, కార్యక్రమం పేరుతో కలిపి రాయండి. జాబితా పైన తేదీ వేసి, చివరిదైతే ‘ఇదే చివరిది’ అని రాయండి.

• వాట్సాప్‌లో ఫొటో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గానే పంపండి.

• ప్రింటుకు ముందు పేర్లు చదవండి, రంగు నమూనా అడగండి.

స్టూడియోలకు ఒక మాట. సెలెక్షన్ ఆలస్యానికి కస్టమరును తప్పు పట్టే ముందు, ఆ పని చేయడానికి అతనికి తేలికైన దారి ఇచ్చామా అని చూసుకోవాలి. నాలుగు వేల ఫొటోల పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి పంపడం దారి చూపడం కాదు. పెళ్లివారికీ ఒక మాట. ముహూర్తానికి పంచాంగం చూసి గడియ పెట్టించుకుంటాం. పెళ్లయిన నెలలోపు ఒక ఆదివారం చూసుకుని, ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని, సెలెక్షన్‌కూ అలాగే ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజు జాబితా ఇచ్చేస్తే, తొలి పండక్కి అమ్మాయీ అల్లుడూ ఇంటికొచ్చేసరికి ఆల్బమ్ బల్ల మీద ఉంటుంది.